ఒక్క అక్షరం తేడా

పన్నెండేళ్ల వయసులో నేనొక రూళ్ల నోటుపుస్తకంలో ప్రతి పేజీకీ నడిమధ్యన స్కేలు పెట్టి నిలువుగీత గీసి, ఎడమవైపు ‘ఉన్నవి’ అనీ కుడివైపు ‘లేనివి’ అనీ రాసుకున్నాను. అది 1996వ సంవత్సరం. వీడియో క్యాసెట్లలో చూసిన ప్రతి సైన్స్ ఫిక్షన్ సినిమాలోనూ గోడల మీదో, డబ్బాల మీదో, వ్యోమగాముల చొక్కాల మీదో కనిపించిన కంపెనీల పేర్లను ఆ రెండు గడుల్లో ఏదో ఒకదానిలో చేర్చడమే ఆ పుస్తకం పని. కథ ఎటు పోయింది, రాక్షసుడు చచ్చాడా లేదా అన్నది అన్నయ్య చూసుకునేవాడు. బల్ల మీద ఉన్న డబ్బా ఏ కంపెనీదన్నది నేను చూసుకునేవాడిని.

ఈ పిచ్చి ఎందుకు పట్టుకుందో అప్పట్లో అడిగితే చెప్పలేకపోయేవాడిని. వ్యోమనౌక అబద్ధమనీ, దాని వెనక కనిపించే గ్రహం ఎవరో గీసిన బొమ్మ అనీ పన్నెండేళ్ల పిల్లవాడికి తెలుసు. కానీ ఆ వ్యోమనౌకలో భోజనాల బల్ల మీద ఒక డబ్బా ఉండి, దాని మీద ఒక కంపెనీ పేరు ఉండి, ఆ పేరును ఎవరూ పలకకుండా, కెమెరా కూడా పట్టించుకోకుండా దాటిపోయిందంటే, అది మనల్ని నమ్మించడానికి పెట్టింది కాదేమో, నిజంగానే అక్కడ ఉందేమో అనిపించేది. డబ్బా ఉందంటే దాన్ని తయారుచేసిన కార్ఖానా ఉండాలి. కార్ఖానా ఉందంటే అందులో పనిచేసేవాళ్లు, వాళ్ల జీతాలు, సెలవు చీటీలు, పైఅధికారితో తగువులు అన్నీ ఉండాలి. రాకెట్టును చూస్తే ఆశ్చర్యం కలిగేది. లేబులును చూస్తే నమ్మకం కుదిరేది.

ఆ పుస్తకం మొదటి పేజీలోనే రెండు పెద్ద తప్పులు ఉన్నాయి. ‘పాన్ యామ్’ అన్న పేరు ‘లేనివి’ గడిలో ఉంది. ‘వేలన్-యుటాని’ అన్న పేరు ‘ఉన్నవి’ గడిలో ఉంది. రెండింటినీ ఏ అనుమానమూ లేకుండా, కింద గీత కూడా గీసి మరీ రాశాను.

మొదటి తప్పు 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ చూసినప్పటిది. అందులో భూమి నుంచి అంతరిక్ష కేంద్రానికి వెళ్లే విమానం మీద పాన్ యామ్ పేరు, దాని నీలిరంగు గోళం గుర్తు స్పష్టంగా కనిపిస్తాయి. లోపల ఉన్న ఒకే ఒక్క ప్రయాణికుడు కూర్చున్న చోటనే నిద్రపోతుంటాడు. ఆయన చేతిలోంచి జారిన కలం గాలిలో మెల్లగా తిరుగుతుంటుంది. నేలకు అంటుకునే చెప్పులు వేసుకున్న పరిచారిక ఆచితూచి అడుగులు వేస్తూ వచ్చి, ఆ కలాన్ని పట్టుకుని, ఆయన జేబులో పెట్టి, వచ్చినంత నెమ్మదిగానూ వెళ్లిపోతుంది. కేంద్రం చేరాక అక్కడ హిల్టన్ హోటలు ఉంటుంది, హోవర్డ్ జాన్సన్ వారి భోజనశాల ఉంటుంది, అమెరికా టెలిఫోన్ల సంస్థ బెల్ సిస్టమ్ గుర్తుతో మనిషిని చూపిస్తూ మాట్లాడించే ఫోను గది ఉంటుంది. ఆయన తన చిన్నకూతురితో మాట్లాడి పెట్టేయగానే తెర మీద 1 డాలరు 70 సెంట్లు అని ఛార్జీ పడుతుంది. సినిమా మొత్తంలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా నమ్మించింది ఆ బిల్లే. ఈ పేర్లలో నేను అంతకుముందు విన్నది హిల్టన్ ఒక్కటే కాబట్టి దాన్ని ‘ఉన్నవి’లో వేసి, తక్కినవన్నీ కల్పితాలని తేల్చేశాను. నేను వినని విమాన సంస్థ ఎలా ఉంటుందన్నది నా తర్కం.

నాన్నగారు ఒకరోజు ఆ పుస్తకం తిరగేస్తూ ఆ పేరు దగ్గర ఆగారు. “ఇది కల్పన కాదురా. నిజంగా ఉండేది. చాలా పెద్ద సంస్థ. అయిదేళ్ల కిందటే మూతపడింది” అన్నారు. నేను కాసేపు లెక్క వేసుకున్నాను. అయిదేళ్ల కిందట మూతపడిన కంపెనీ, ఇంకో అయిదేళ్లకు గానీ రాని సంవత్సరంలో అంతరిక్షానికి విమానాలు నడుపుతోంది. “మరి 2001లో ఎలా ఎగురుతుంది నాన్నగారూ?” అని అడిగితే ఆయన నవ్వి, “సినిమా తీసినవాళ్లకు అది మూతపడుతుందని ఎవరు చెప్పారు? అప్పట్లో అది పోతుందని ఎవరూ అనుకుని ఉండరు” అన్నారు. 1927లో మొదలైన ఆ సంస్థ 1991 డిసెంబరు 4న ఆగిపోయింది. నా పుస్తకంలో దాన్ని చేర్చడానికి గడి లేదు. పేజీ అంచున మిగిలిన సన్నటి ఖాళీలో నిలువుగా ‘ఒకప్పుడు ఉన్నవి’ అని రాసి, పాన్ యామ్ నుంచి అక్కడికి బాణం గీశాను. నేను చేసుకున్న రెండు గడుల ఏర్పాటు అలా మొదటి నెలలోనే దెబ్బతింది.

చాలా ఏళ్ల తరువాత చదివిన ఒక సంగతి ఆ బాణాన్ని గుర్తుకు తెచ్చింది. పాన్ యామ్ వారు చంద్రుడికి వెళ్లగోరే వారి పేర్లను నిజంగానే నమోదు చేసుకున్నారు. పేరు ఇచ్చినవారికి వరుస సంఖ్య వేసిన కార్డు పంపేవారు. 1971లో నమోదు నిలిపివేసేనాటికి ఆ జాబితాలో 93,000 మందికి పైగా ఉన్నారట. చంద్రుడి మీద మనుషులు కాలు మోపిన ఆ రోజుల్లో ఇదేమంత దూరపు మాటగా తోచి ఉండదు. ఆ కార్డు ఏ గడిలోకి వస్తుందో నాకు ఇప్పటికీ తెలియదు. కార్డు నిజం, దాని మీద ఉన్న కంపెనీ నిజం, అది ఇచ్చిన ప్రయాణం మాత్రం కల్పన.

ఇక రెండో తప్పు సంగతి. ఇది కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దీని వెనక నేను పడ్డ శ్రమ అంతా ఇంతా కాదు. 1979లో వచ్చిన ‘ఏలియన్’లో వ్యోమనౌక సిబ్బంది తమ యజమానిని ‘కంపెనీ’ అంటారు తప్ప ఎక్కడా పేరు పెట్టి చెప్పరు. ఆ పేరు అక్కడక్కడ వస్తువుల మీద మాత్రమే ఉంటుంది. బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు కనిపించే బీరు డబ్బా మీద ఉందని నాకు అనుమానం వచ్చింది. అద్దెకు తెచ్చిన క్యాసెట్టును మర్నాడు తిరిగి ఇచ్చేయాలి కాబట్టి ఆ రాత్రే తేల్చుకోవాలి. వీసీఆర్‌లో పాజ్ నొక్కితే బొమ్మ నిలకడగా నిలిచేది కాదు. తెర కింది భాగంలో తెల్లని ముగ్గుపిండి చల్లినట్టు ఒక పట్టీ వచ్చి వణుకుతూ ఉండేది, అది సరిగ్గా డబ్బా మీదికే వచ్చేది. మళ్లీ నడిపి, మళ్లీ ఆపితే పట్టీ కొంచెం పైకో కిందికో జరిగేది. అలా పదిసార్లు ఆపితే ఒకసారి డబ్బా బయటపడేది. అప్పుడైనా తీరిగ్గా చూడనిచ్చేది కాదు. ఎక్కువసేపు ఆపి ఉంచితే టేపు అరిగిపోతుందని ఆ యంత్రం కొన్ని నిమిషాలకు తనంతట తానే ఆగిపోయేది.

అన్నయ్య స్టాంపులు చూసుకునే భూతద్దం తెచ్చి తెరకు ఆనించి చూశాను. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయనుకుంటే, ఎరుపు, ఆకుపచ్చ, నీలం చుక్కలు వరసలు వరసలుగా కనిపించాయి. అక్షరమన్నదే లేదు. దగ్గరికి వెళ్లేకొద్దీ పేరు మాయమైపోతోంది. నాలుగడుగులు వెనక్కి వచ్చి కళ్లు చికిలించి చూస్తే మళ్లీ పేరులా ఉంటోంది. ఆ గదిలో ముందుకూ వెనక్కూ నడుస్తూ, ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని, చివరికి ‘వేలన్-యుటాని’ అని రాసుకున్నాను. మొదటి మాట ఇంగ్లీషువారి పేరులా, రెండోది జపానువారి పేరులా ఉంది. ఇద్దరు భాగస్వాములు కలిసి పెట్టిన కంపెనీ అన్నమాట. ఇంత మామూలుగా ఉన్న పేరును ఎవరూ కల్పించి ఉండరని నిశ్చయించుకుని ‘ఉన్నవి’లో చేర్చాను.

నాలుగు రోజులకు అన్నయ్య ఏదో పత్రిక పట్టుకొచ్చి, “ఒరేయ్, నీ కంపెనీ పేరులో ఒక అక్షరం మింగేశావు. చివర డీ ఉంది, చూడు” అని చూపించాడు. నిజమే, పత్రికలో ‘వేలండ్’ అని డీతో అచ్చయి ఉంది. పైగా అది కల్పిత సంస్థ అని కూడా ఉంది. అన్నయ్య నా పుస్తకం తీసుకుని, మాస్టార్లు దిద్దినట్టు ఎర్రసిరాతో ఆ డీని రాసి, చుట్టూ సున్నా చుట్టి, ఆ పేరును ‘లేనివి’ వైపు మళ్లిస్తూ ఒక బాణం గీశాడు. కల్పితమని ఒప్పుకోవడానికి నాకు పెద్ద కష్టం కలగలేదు గానీ, అంత రాత్రి కూర్చుని చదివిన అక్షరాలు తప్పాయన్న మాట మాత్రం మింగుడుపడలేదు.

ఆ పేరు పుట్టిన తీరు పెద్దయ్యాక తెలిసింది. ఆ సినిమాకు ఓడ లోపలి భాగాలను, గుర్తులను గీసిన రాన్ కాబ్ అనే చిత్రకారుడు దాన్ని కల్పించాడు. ఇంగ్లండు మళ్లీ తేరుకుని జపానుతో చేతులు కలిపిందనీ, కార్లూ పెద్ద ఓడలూ కట్టినట్టే జపానువారు వ్యోమనౌకలు కూడా కడుతున్నారనీ ఒక్క పేరుతో సూచించాలని ఆయన ఉద్దేశం. బ్రిటిష్ లేలండ్, టొయోటా అన్న రెండు నిజమైన కంపెనీలు ఆయన మనసులో ఉన్నాయి. ఆ పేర్లను ఉన్నవి ఉన్నట్టు పెట్టడం కుదరదు కాబట్టి మొదటి దానిలో అక్షరం మార్చి ‘వేలన్’ చేశాడు; ‘యుటాని’ ఆయన పొరుగింటి జపాను మనిషి పేరు. సగం వ్యంగ్యం, సగం పొరుగింటి పేరు కలిసి సినిమా చరిత్రలోకెల్లా పేరుమోసిన దుష్ట కంపెనీ తయారైంది.

ఇక్కడ నాకు ఎప్పుడూ ముచ్చటగా తోచే ఒక సంగతి ఉంది. బ్రిటిష్ లేలండ్‌గా మొదలైన ఆ కార్ల సంస్థ 1986లో రోవర్ గ్రూప్ అని పేరు మార్చుకుంది. సరిగ్గా ఆ సంవత్సరమే ‘ఏలియన్’కు రెండో సినిమా వచ్చింది, కల్పిత కంపెనీ పేరు డీతో సహా స్థిరపడింది. అసలు పేరు చెరిగిపోయిన ఏడాదే నకలు పేరు గట్టిపడిందన్నమాట. కాబ్ గనక ధైర్యం చేసి అసలు పేర్లే పెట్టి ఉంటే, ఏడేళ్లకే ఆ డబ్బా పాతబడిపోయి, నా పుస్తకం అంచున పాన్ యామ్ పక్కన చేరేది.

అక్షరం మార్చడమన్నది ఇలా ఒకసారి మనసులో పడ్డాక అంతటా అదే కనిపించింది. స్పేస్ ఒడిస్సీలోని కంప్యూటరు పేరు హాల్. హెచ్ తరువాతి అక్షరం ఐ, ఏ తరువాతది బీ, ఎల్ తరువాతది ఎమ్. మూడింటినీ ఒక్కొక్క మెట్టు జరిపితే ఐబీఎమ్ వస్తుంది. ఈ సంగతి చెప్పిన రోజున అన్నయ్య చేతివేళ్ల మీద లెక్కపెట్టి చూపించాడు, నాకు ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ కథ రాసిన ఆర్థర్ క్లార్క్ మాత్రం అది కాకతాళీయమేననీ, ఆ పేరు వేరే పొడుగాటి సాంకేతిక పదాలకు పొట్టిరూపమనీ పదేపదే చెప్పాడు. ఆయన మాట నమ్ముతాను. అయినా ఆ లెక్కను చూసిన కళ్లతో ఆ పేరును మామూలుగా చూడటం నావల్ల కాలేదు.

జపానువారి ‘స్టైన్స్ గేట్’లో ఈ ఆట దాపరికం లేకుండా సాగుతుంది. 2009లో ముందు గేముగా వచ్చి, తరువాత యానిమేషన్ సీరియల్‌గా నడిచిన ఆ కథలో అందరూ వెతికేది ఐబీఎన్ 5100 అనే పాత కంప్యూటరు కోసం. ఐబీఎమ్ 5100 అనే అసలు యంత్రం 1975లో వచ్చింది, దాదాపు 25 కిలోల బరువుండేది. ఎమ్ పోయి ఎన్ వచ్చింది, తక్కినదంతా అంతే. ఐరోపాలో కణాలను ఢీకొట్టించే సెర్న్ అనే పరిశోధన సంస్థ కూడా మొదటి అక్షరం సీకి బదులు ఎస్ పెట్టుకుని అందులో కుట్రదారుగా కనిపిస్తుంది. తమాషా ఏమిటంటే పైకి చదివితే రెండూ ఒక్కలాగే పలుకుతాయి. అక్షరాన్ని అంతమాత్రం కదిలించడం వల్ల మన లోకానికీ ఆ లోకానికీ మధ్య అతుకు ఎక్కడుందో కనిపిస్తుంది. పూర్తిగా కొత్త పేరు పెడితే ఆ అతుకు కనిపించదు, అసలు పేరే పెడితే అతుకే ఉండదు. నాకు అతుకు కనిపించేవే ఇష్టం.

పేర్లు ఎందుకు మారుస్తారన్న ప్రశ్నకు చిన్నప్పుడు నాకు దొరికిన జవాబు ‘కేసు వేస్తారని భయం’ అన్నది. అది కొంతవరకే నిజం. తమ సరుకును విలన్ చేతిలో పెట్టినా, తమ విమానం కూలినట్టు చూపించినా ఏ కంపెనీ హర్షించదు, అనుమతుల కోసం తిరగడం కన్నా కొత్త లేబులు అచ్చువేయించుకోవడం సులువు. అందుకే ‘ఎక్స్ ఫైల్స్’ టీవీ సీరియల్లో ఎప్పుడూ పొగ ఊదుతూ నీడలో నిలబడే ఆ పెద్దమనిషి మార్ల్‌బరోను పోలిన పెట్టెలో మోర్లీ సిగరెట్లు తాగుతాడు. ఆ మోర్లీ ఆయన కోసం పుట్టింది కూడా కాదు, 1960 నాటి ‘సైకో’ సినిమాలోనే ఉంది. ఎవరూ ఎన్నడూ అమ్మని సిగరెట్టు అన్నేళ్లపాటు ఒక కథలోంచి ఇంకో కథలోకి చేతులు మారుతూ వచ్చింది.

కొన్నిసార్లు అసలు పేరుకు ఇంకో అసలు పేరే నకలుగా వస్తుందని తెలుసుకోవడానికి నాకు ఒక స్నేహం దాదాపు పోయేంత పని అయింది. 1993 నాటి ‘డెమాలిషన్ మ్యాన్’లో, భవిష్యత్తులో జరిగిన వ్యాపార యుద్ధాల్లో ఒకే ఒక్క రెస్టారెంటు సంస్థ మిగిలిందని ఒక పాత్ర చెబుతుంది. ఆ సంస్థ పిజ్జా హట్ అని నేను, కాదు టాకో బెల్ అని నా స్నేహితుడు. పుస్తకం తెచ్చి చూపించాను. నీ పుస్తకం సంగతి మీ అన్నయ్య చెప్పాడులే అన్నాడు. రెండు వారాలు మాటల్లేవు. తీరా చూస్తే ఇద్దరమూ సరిగ్గానే చూశాం. అమెరికాలో విడుదలైన సినిమాలో టాకో బెల్ ఉంది. ఆ పేరు అంతగా తెలియని ఇతర దేశాల కోసం బోర్డులు మార్చి, మాటలు మళ్లీ చెప్పించి పిజ్జా హట్ పెట్టారు. వాడి దగ్గరున్నది వాళ్ల బంధువులు అమెరికా నుంచి తెచ్చిన టేపు. నా టేపును మళ్లీ పెట్టి చూస్తే ఆ పేరు వచ్చిన చోటల్లా పెదవులు ఒకటి పలుకుతున్నాయి, చెవికి ఇంకొకటి వినిపిస్తోంది. అన్ని లేబుళ్లను భూతద్దంతో చూసిన నేను పెదవులను చూడలేదు.

‘రోబోకాప్’లో కారు ప్రకటన దగ్గర కూడా ఇలాగే పప్పులో కాలేశాను. 1987 నాటి ఆ సినిమా మధ్యలో సిక్స్ థౌజండ్ ఎస్‌యూఎక్స్ అనే పెద్ద కారుకు ప్రకటన వస్తుంది. గాలన్‌కు 8.2 మైళ్లు మాత్రమే ఇస్తుందని అందులో గర్వంగా చెప్పుకుంటారు. ప్రకటన అచ్చం ప్రకటనలాగే ఉంది కాబట్టి ‘ఉన్నవి’లో రాశాను. ఆ మూడు అక్షరాలను విడివిడిగా కాకుండా కలిపి ఒక మాటగా చదివితే అది వట్టి చెత్త బండి అని తిట్టినట్టవుతుందని నాకు అర్థం కావడానికి, ఇంగ్లీషు తిట్లు తెలిసే వయసు రావాల్సి వచ్చింది.

ఆ పుస్తకంలో ఎక్కువ బాణాలున్న పేజీ మాత్రం 1982 నాటి ‘బ్లేడ్ రన్నర్’ది. 2019వ సంవత్సరపు నగరం, ఎడతెరిపి లేని వాన, ఆ వానలో తడుస్తూ వెలిగే నియాన్ అక్షరాలు. వీడియో గేముల కంపెనీ అటారీ, పాన్ యామ్, బెల్, కోకా-కోలా. వాటిమధ్య మనుషుల్లాంటి యంత్రాలను తయారుచేసే టైరెల్ కార్పొరేషన్ మాత్రం కల్పితం. సినిమా వచ్చిన మరుసటి ఏడాదే అటారీ భారీ నష్టాల్లో కూరుకుపోయింది, 1984లో ముక్కలై అమ్ముడుపోయింది. ఆ ఏడాది జనవరి 1న బెల్ సిస్టమ్‌ను విడగొట్టారు. పాన్ యామ్ కథ చెప్పనే చెప్పాను. ఆ సినిమాలో కనిపించిన కంపెనీలకు శాపం తగిలిందని అభిమానులు అనుకునేవారు. నాకు ఆ మాట మీద నమ్మకం లేదు. కోకా-కోలా బాగానే ఉంది కదా. కానీ ఆ పేజీలో అంచుకు పోయిన బాణాలు చూస్తే మాత్రం ఆ మాట ఎందుకు పుట్టిందో అర్థమవుతుంది. కోకా-కోలా కాక, చెక్కుచెదరకుండా మొదట రాసిన చోటనే మిగిలిన పెద్ద పేరు టైరెల్. లేని కంపెనీ దివాలా తీయదు.

2017లో దానికి కొనసాగింపు వచ్చినప్పుడు నేను థియేటర్లో అటారీ గుర్తు కోసమే ఎదురుచూశాను. వచ్చింది, పాత దానికన్నా పెద్దగా వచ్చింది. పాన్ యామ్ కూడా ఉంది. ఇంకా పైన సోవియట్ యూనియన్ పేరు కూడా వెలిగింది. ఇక్కడ కంపెనీనే కాదు, దేశమే లేదు. మొదటి సినిమా ఊహించిన భవిష్యత్తు తప్పిందని దిద్దుకోకుండా, ఆ తప్పిన దారిలోనే ఇంకో ముప్పై ఏళ్లు ముందుకు నడిచారు. అలా 1968లోనూ, 1982లోనూ నిజంగా ఉండిన పాన్ యామ్, 2017కు వచ్చేసరికి ఆ కథాలోకానికి మాత్రమే చెందిన కల్పిత సంస్థ అయింది. పన్నెండేళ్లప్పుడు ‘లేనివి’లో రాసినది నేను. చీకట్లో నాకు నవ్వొచ్చింది.

బాణాలు రెండో దిక్కుకూ పోవడం మొదలుపెట్టాయి. ‘టెర్మినేటర్’ సినిమాల్లోని కల్పిత సంస్థ సైబర్‌డైన్. 2004లో జపానులో అదే పేరుతో ఒక నిజమైన సంస్థ వెలిసింది. నడవలేనివారికి కాళ్లకు తొడిగే యంత్రాన్ని అది తయారుచేస్తుంది, ఆ యంత్రం పేరు హాల్. ఆ రెండు పేర్లను ఒకే చోట చదివిన రోజున, ఎవరో నా పుస్తకం దొంగిలించి చదివారనిపించింది. ‘ఫాలౌట్’ గేముల్లో అణుయుద్ధం తరువాతి శిథిలాల మధ్య నూకా-కోలా సీసాలు దొరుకుతుంటాయి, వాటి మూతలే అక్కడ డబ్బుగా చెల్లుతాయి. 2015లో ఒక సోడా సంస్థ ఆ పేరుతో నిజంగానే సీసాలు అమ్మింది. అదే ఏడాది, 1989 నాటి ‘బ్యాక్ టు ద ఫ్యూచర్’ రెండో భాగంలో ఊహించిన సీసాను పెప్సీవారు 6,500 మాత్రం తయారుచేసి విడుదల చేశారు. జపాను యానిమేషన్‌లో దశాబ్దాలుగా మెక్‌డొనాల్డ్స్‌కు బదులు వచ్చే దుకాణం పేరు వెక్‌డొనాల్డ్స్. బంగారు రంగు ఎమ్‌ను తలకిందులు చేస్తే డబ్ల్యూ అవుతుంది కాబట్టి అంతకన్నా చవకైన మారువేషం లేదు. 2024లో అసలు మెక్‌డొనాల్డ్స్ వారే ఆ తలకిందుల గుర్తును తమ ప్రచారానికి వాడుకున్నారు.

అందరూ దాన్ని మెచ్చుకున్నారు, నాకు మాత్రం కొంచెం కష్టంగా ఉంది. వెనక బెంచీలో కూర్చుని మాస్టారిని అనుకరించే కుర్రవాడు ఉంటాడు, క్లాసంతా నవ్వుతుంది. ఒకరోజు మాస్టారే వచ్చి, “ఏదీ, నేనూ చేస్తాను” అని తనను తాను అనుకరిస్తే నవ్వు వస్తుంది గానీ, ఆ ఆట మరునాటి నుంచి సాగదు. అణుయుద్ధం తరువాత దొరికిన సీసా కొత్తగా మూత బిగించుకుని బిల్లుతో సహా చేతికి వస్తే, దానిలో ఉండేది మామూలు సోడాయే.

ఇక ఆ ఎర్ర డీ సంగతి ఒకటి మిగిలింది. డీవీడీలు వచ్చాక నేను మొట్టమొదట కొనుక్కున్నది ‘ఏలియన్’. ఆ దృశ్యం దగ్గర ఆపితే బొమ్మ కదలకుండా నిలిచింది. తెల్లపట్టీ లేదు, వణుకు లేదు, యంత్రం తనంతట తాను ఆగిపోలేదు. నాలుగడుగులు వెనక్కి నడవకుండానే పేరు చదవగలిగాను. మొదటి సినిమాలో డీ లేదు. వేలన్ అనే ఉంది. డీ చేరింది తరువాతి సినిమాతోనే. ఆ రాత్రి నేను ముందుకూ వెనక్కూ నడిచి, కళ్లు చికిలించి చదివినది అక్షరం పొల్లుపోకుండా సరైనదే.

వెంటనే అన్నయ్యకు ఫోన్ చేశాను. ఏదో కంగారు కబురు అనుకుని, “ఏమైందిరా?” అన్నాడు. సంగతి చెప్పాను. అవతల కాసేపు మాట లేదు. “ఆ పుస్తకం ఇంకా ఉందా?” అని అడిగాడు. ఉంది, ఆ పేజీ నా ఒళ్లోనే ఉంది, ఎర్రసిరా వెలిసి గులాబీరంగుకు తిరిగింది అన్నాను. “దిద్దింది నువ్వు. ఇప్పుడు ఈ డీని కొట్టేయమంటావా?” అని అడిగాను.

“ఉండనీ,” అన్నాడు అన్నయ్య. “రెండో సినిమాకు పనికొస్తుంది.”